బహుళజాతి సంస్థల అనుబంధ కంపెనీలలో కార్మిక సంబంధాలు

బహుళజాతి సంస్థ అనగా ఒక దేశంలో ప్రధాన కార్యాలయం ఉండి, రెండు లేక అంతకంటే ఎక్కువ దేశాలలో ఉత్పత్తి గాని, సేవలు గాని నిర్వహించే వ్యాపార సంస్థ. ఇటువంటి సంస్థ పరాయి దేశంలో, ఆ దేశపు చట్టాల క్రింద నమోదు చేయించి, తన అధీనంలో నడిపించే కంపెనీని అనుబంధ కంపెనీ అంటారు. అనుబంధ కంపెనీలో పనిచేసే కార్మికులకు, యాజమాన్యానికి మధ్య వేతనాలు, పనివేళలు, నియామకాలు, తొలగింపులు, సంఘ నిర్మాణం, వివాదాల పరిష్కారం మొదలైన విషయాలలో ఉండే సంబంధాలే ఈ వ్యాసంలోని విషయం.

సాధారణ కర్మాగారంలో కార్మికునికి తన యజమాని ఎవరో తెలుసు. అనుబంధ కంపెనీలో ఆ ప్రశ్నకు సమాధానం అంత సులువు కాదు. కార్మికుని నియామక పత్రం మీద కాంట్రాక్టరు పేరు, గేటు మీద అనుబంధ కంపెనీ పేరు, తయారైన వస్తువు మీద మరొక దేశపు కంపెనీ పేరు ఉండవచ్చు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ పరిస్థితిని గమనించడానికి తగిన ప్రాంతం తిరుపతి జిల్లాలోని శ్రీసిటీ, దాని పరిసరాలు.

మౌలిక భావనలు

విదేశాలలోని తన కంపెనీలను మాతృసంస్థ ఏ దృష్టితో నడుపుతుందనే విషయమై అమెరికా పండితుడు హోవర్డ్ పెర్ల్‌మట్టర్ 1969లో ఒక వర్గీకరణ చేసెను. మేనేజిమెంటు పాఠ్యపుస్తకాలలో నేటికీ ఇదే కనిపిస్తుంది.

* స్వదేశ కేంద్రిత విధానం: మాతృసంస్థ పద్ధతులే అన్ని దేశాలలోను అమలవుతాయి. ముఖ్య పదవులలో స్వదేశం నుండి వచ్చినవారే ఉంటారు.
* ఆతిథ్య దేశ కేంద్రిత విధానం: స్థానిక అధికారులు, స్థానిక చట్టాలు, స్థానిక ఆచారాల ప్రకారం కర్మాగారం నడుస్తుంది. మాతృసంస్థ లాభనష్టాలు చూసుకుంటుంది.
* ప్రపంచ కేంద్రిత విధానం: ఏ దేశంవారనే పట్టింపు లేకుండా సంస్థ అంతటికీ వర్తించే ఉమ్మడి విధానం ఏర్పడుతుంది.

ఆచరణలో ఒకే సంస్థలో ఈ మూడూ కలిసి ఉంటాయి. పెట్టుబడి, ఉత్పత్తి లక్ష్యం, కర్మాగారం మూసివేత వంటి నిర్ణయాలు ప్రధాన కార్యాలయంలో జరుగుతాయి. నాణ్యత, పనివేగం, క్రమశిక్షణలకు సంబంధించిన పద్ధతులు మాతృసంస్థ నుండి వస్తాయి. వేతనాలు, సెలవులు, సంఘాలతో చర్చలు మాత్రం స్థానిక మానవ వనరుల విభాగానికి వదిలివేస్తారు. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. కార్మిక ప్రతినిధులతో బల్లకు అవతల కూర్చునే అధికారికి నిర్ణయాధికారం ఉండకపోవచ్చు, నిర్ణయాధికారం ఉన్నవారు ఆ బల్ల వద్దకు రాకపోవచ్చు. ఈ రంగంలోని చాలా వివాదాలకు మూలం ఇదే.

ఉమ్మడి భాగస్వామ్య కంపెనీలలో పరిస్థితి కొంత వేరుగా ఉంటుంది. తిరుపతి సమీపంలోని కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేసే అమరరాజా సంస్థలో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ 26 శాతం వాటాదారుగా ఉండేది. 1997లో కుదిరిన ఈ భాగస్వామ్యం 2019లో ముగిసినది. ఇటువంటి ఏర్పాటులో విదేశీ భాగస్వామి నుండి సాంకేతిక పరిజ్ఞానం రాగా, కార్మికులతో వ్యవహారం సాధారణంగా స్థానిక భాగస్వామి చేతిలో ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో చరిత్ర

తెలుగు ప్రాంతాలకు విదేశీ యాజమాన్యం కొత్త కాదు. పొగాకు పరిశ్రమ ఇందుకు తొలి ఉదాహరణ. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐ.ఎల్.టి.డి.) 1912లో గుంటూరులో ఆరంభమై, వర్జీనియా పొగాకు సాగును, ఆకు శుద్ధి చేసే పనిని కోస్తా జిల్లాలలో విస్తరింపజేసినది. హైదరాబాదులో 1930లో స్థాపించబడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీలో బ్రిటిష్ అమెరికన్ టొబాకో ప్రధాన వాటాదారు. ఈ కర్మాగారంలో బలమైన కార్మిక సంఘం ఏర్పడినది. తరువాతి కాలంలో తెలంగాణ హోం మంత్రి అయిన నాయిని నరసింహారెడ్డి ఈ సంఘ నాయకుడిగానే ప్రజాజీవితంలో పేరు పొందారు. నాటి కర్మాగారాలలో ఉద్యోగం అంటే పదవీ విరమణ వరకు ఉండే ఉద్యోగం. యాజమాన్యం విదేశీయమైనా, సంఘంతో కొన్నేళ్ళకొకసారి వేతన ఒప్పందం చేసుకోవడం పరిపాటి.

1991 ఆర్థిక సంస్కరణల తరువాత, ముఖ్యంగా 2005లో ప్రత్యేక ఆర్థిక మండలాల చట్టం వచ్చిన తరువాత పరిస్థితి మారినది. విశాఖపట్నం సమీపంలోని అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ దుస్తుల తయారీ కేంద్రం, తడ మండలం మాంబట్టులో తైవాన్ పెట్టుబడితో అడిడాస్ బూట్లు తయారుచేసే అపాచీ ఫుట్‌వేర్ కర్మాగారం ఏర్పడినవి. రెండింటిలోను కార్మికులలో అధికులు స్త్రీలే. 2019లో అనంతపురం జిల్లా (ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లా) పెనుకొండ వద్ద దక్షిణ కొరియాకు చెందిన కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది.

శ్రీసిటీ

శ్రీసిటీ తిరుపతి జిల్లా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో సుమారు 7,500 ఎకరాలలో విస్తరించిన పారిశ్రామిక నగరం. చెన్నై నగరానికి ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారికి చేరువలో ఉన్నది. 2008 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి దీనిని ప్రారంభించారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడే వరకు ఇది చిత్తూరు జిల్లాలో భాగం. ఇందులో ప్రత్యేక ఆర్థిక మండలంతో పాటు దేశీయ మార్కెట్టు కొరకు ఉత్పత్తి చేసే భాగం కూడా కలదు.

సత్యవేడు ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల సవరణలో భాగంగా 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర ప్రదేశ్‌లో చేరినది. అందువలన ఇక్కడి గ్రామాలలో తెలుగు, తమిళం రెండూ వినిపిస్తాయి. కర్మాగారాల షాపుఫ్లోరులో ఈ రెండింటితో పాటు హిందీ, ఒడియా వంటి భాషలు, అధికారుల స్థాయిలో ఇంగ్లీషు, జపనీసు, కొరియన్, చైనీసు భాషలు కలుస్తాయి.

శ్రీసిటీలో కర్మాగారాలు స్థాపించిన ప్రముఖ బహుళజాతి సంస్థలు:

* ఇసుజు (జపాన్) - పికప్ వాహనాలు, 2016 నుండి
* ఫాక్స్‌కాన్ (తైవాన్) - మొబైల్ ఫోన్ల కూర్పు, 2015 నుండి
* మాండలీజ్ (అమెరికా) - క్యాడ్‌బరీ చాకొలెట్లు, 2016 నుండి
* ఆల్‌స్టామ్ (ఫ్రాన్సు) - మెట్రో రైలు పెట్టెలు
* కోల్గేట్ పామోలివ్ (అమెరికా) - దంత సంరక్షణ ఉత్పత్తులు
* కొబెల్కో (జపాన్) - తవ్వక యంత్రాలు
* డైకిన్ (జపాన్) - ఎయిర్ కండిషనర్లు, 2023 నుండి

దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. ఎలక్ట్రానిక్స్ కర్మాగారానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగినది. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట పరిసరాలలో కూడా ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల సముదాయం ఏర్పడినది. అందులో చైనాకు చెందిన టి.సి.ఎల్. సంస్థ తెరల కర్మాగారం, తైవాన్‌కు చెందిన ఫాక్స్‌లింక్ కేబుళ్ళ కర్మాగారం ఉన్నాయి. ఫాక్స్‌లింక్ కర్మాగారంలో 2023 ఫిబ్రవరిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఉత్పత్తి నిలిచిపోయినది.

వేరుశనగ సాగు, పాడి, కూలిపని మీద ఆధారపడిన గ్రామాలకు ఈ కర్మాగారాలు నెల జీతాన్ని తెచ్చాయి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వంటి మాటలు ఇంటింటా వినిపించసాగాయి. పదవ తరగతి, ఇంటర్మీడియట్, ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన యువతీయువకులు కంపెనీ బస్సులలో షిఫ్టులకు వెళ్ళివస్తారు. దూర ప్రాంతాలవారు హాస్టళ్ళలో ఉంటారు.

నియామక పద్ధతులు

ఒకే కర్మాగారంలో, ఒకే యంత్రం వద్ద పనిచేసేవారు సైతం వేర్వేరు తరగతులకు చెంది ఉండవచ్చు.

* శాశ్వత కార్మికులు: కంపెనీ నేరుగా నియమించినవారు. స్టాండింగ్ ఆర్డర్ల రక్షణ, వార్షిక ఇంక్రిమెంటు, గ్రాట్యుటీ వీరికి లభిస్తాయి.
* నిర్ణీత కాల కార్మికులు: ఒకటి రెండేళ్ళ వంటి గడువుతో కంపెనీ నేరుగా నియమించినవారు. గడువు ముగియగానే ఉద్యోగం ముగుస్తుంది. దీనిని తొలగింపుగా పరిగణించరు.
* కాంట్రాక్టు కార్మికులు: కార్మికులను సమకూర్చే మరొక సంస్థ ద్వారా వచ్చినవారు. జీతం ఆ సంస్థ ఇస్తుంది, పని మాత్రం కర్మాగారం అధికారులు చెబుతారు.
* అప్రెంటిసులు, ట్రైనీలు: శిక్షణ పేరుతో చేరి స్టైపెండు పొందేవారు. అప్రెంటిసుల చట్టం క్రింద నమోదైన అప్రెంటిసును చట్టం కార్మికుడుగా కాక శిక్షణార్థిగా చూస్తుంది.

ఎగుమతి ఆర్డర్లు పండుగలకు, కొత్త నమూనాల విడుదలకు పెరిగి, ఆ తరువాత తగ్గుతాయి గనుక ఈ ఏర్పాటు అవసరమని యాజమాన్యాలు అంటాయి. ఏడాది పొడవునా సాగే పనికి తాత్కాలిక ఉద్యోగులను పెట్టి హక్కులు తప్పిస్తున్నారని కార్మిక సంఘాలు అంటాయి. కాంట్రాక్టు కార్మికుల చట్టానికి 2003లో ఆంధ్ర ప్రదేశ్ చేసిన సవరణ కర్మాగారపు ముఖ్య కార్యకలాపాలలో కాంట్రాక్టు కార్మికుల నియామకాన్ని నిషేధించినది. పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీను, సరుకు ఎత్తుదింపుల వంటి పనులు ముఖ్య కార్యకలాపాల క్రిందికి రావు. పని హఠాత్తుగా పెరిగిన సందర్భాలకు కూడా మినహాయింపు ఉన్నది. ఈ మినహాయింపు ఎంత దూరం సాగవచ్చుననే దానిపైనే వివాదాలు వస్తుంటాయి.

చట్టాలు

ప్రత్యేక ఆర్థిక మండలాలలో కార్మిక చట్టాలు వర్తించవనే అభిప్రాయం ప్రజలలో ఉన్నది. ఇది సరికాదు. 2005 నాటి చట్టంలోని 49వ సెక్షను మండలాలకు కేంద్ర చట్టాల నుండి మినహాయింపులు ఇచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి కల్పించినది. కాని కార్మిక సంఘాలు, పారిశ్రామిక వివాదాలు, కార్మిక సంక్షేమం, భవిష్యనిధి, ప్రసూతి ప్రయోజనాలు మొదలైన విషయాలకు ఆ అధికారం వర్తించదని అదే సెక్షను స్పష్టం చేసినది. అయితే మండలాల నిబంధనలు రెండు మార్పులకు దారి తీశాయి. మొదటిది, కార్మిక కమిషనర్ అధికారాలను మండలపు డెవలప్‌మెంట్ కమిషనరుకు అప్పగించే వీలు. పెట్టుబడిని ప్రోత్సహించవలసిన అధికారే కార్మికుల ఫిర్యాదులను కూడా విచారించడం సబబు కాదని విమర్శకులు అంటారు. రెండవది, మండలంలోని కర్మాగారాలను ప్రజోపయోగ సేవలుగా ప్రకటించడం. దీని వలన 14 రోజుల ముందస్తు నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం అవుతుంది.

2025 నవంబరు 21 నుండి దేశంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి, 29 పాత చట్టాల స్థానాన్ని ఆక్రమించాయి. అనుబంధ కంపెనీల కార్మికులకు ముఖ్యమైన మార్పులు ఇవి:

* సమ్మెకు ముందస్తు నోటీసు నిబంధన ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థలకు వర్తిస్తుంది. సగం మంది లేక అంతకంటే ఎక్కువ కార్మికులు ఒకేసారి సెలవు పెట్టినా సమ్మెగా లెక్కిస్తారు.
* 51 శాతం కార్మికుల మద్దతు ఉన్న సంఘాన్ని యాజమాన్యం చర్చలకు ఏకైక ప్రతినిధిగా గుర్తించాలి. ఏ సంఘానికీ ఆ మద్దతు లేకపోతే పలు సంఘాల ప్రతినిధులతో చర్చామండలి ఏర్పాటు చేయాలి. 1926 నాటి కార్మిక సంఘాల చట్టంలో సంఘాన్ని నమోదు చేసే విధానమే తప్ప, యాజమాన్యం దానిని గుర్తించి తీరాలనే నిబంధన దేశమంతటా అమలులో లేదు.
* తొలగింపులకు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన కర్మాగారాల పరిమితి 100 మంది కార్మికుల నుండి 300కు పెరిగినది.
* నిర్ణీత కాల కార్మికులకు శాశ్వత కార్మికులతో సమానమైన వేతనం, ఏడాది పనికే గ్రాట్యుటీ లభిస్తాయి.
* ప్రతి కార్మికునికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి.

2025లోనే ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం కర్మాగారాలలో రోజువారీ పనివేళల పరిమితిని 9 గంటల నుండి 10 గంటలకు పెంచాలని నిర్ణయించినది. వారానికి 48 గంటల పరిమితి మారలేదని ప్రభుత్వం, ఆచరణలో పనిదినం పొడవవుతుందని కార్మిక సంఘాలు వాదించాయి.

సంఘమా, కమిటీయా?

అనేక బహుళజాతి సంస్థలు బయటి రాజకీయ పక్షాలతో అనుబంధం ఉన్న సంఘాల కంటె కర్మాగారం లోపలి కమిటీలతో మాట్లాడడానికే ఇష్టపడతాయి. ఉద్యోగుల కమిటీ, సలహాల పెట్టె, ఫిర్యాదుల ఫోను నంబరు, నెలకొకసారి అధికారులతో సమావేశం వంటివి ఈ ఏర్పాటులో భాగం. క్యాంటీను భోజనం, బస్సు వేళలు, యూనిఫాము వంటి సమస్యలు వీటి వలన త్వరగా తీరుతాయి. 100 మంది పైబడిన కర్మాగారాలలో ఇరుపక్షాలతో వర్క్స్ కమిటీ, 20 మంది పైబడిన చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని చట్టం కూడా చెబుతున్నది.

అయితే కమిటీకి, సంఘానికి మౌలికమైన భేదం కలదు. కమిటీ సలహా ఇవ్వగలదు. సంఘం వేతన ఒప్పందం చేసుకోగలదు, నోటీసు ఇచ్చి సమ్మె చేయగలదు, ఒప్పందం ఉల్లంఘన జరిగితే కార్మిక శాఖను ఆశ్రయించగలదు. కమిటీ సభ్యులను కార్మికులు ఎన్నుకున్నారా, యాజమాన్యం ఎంపిక చేసినదా అన్నదాని మీద దాని విలువ ఆధారపడి ఉంటుంది.

మాతృదేశపు అలవాట్లు ఇక్కడ ప్రభావం చూపుతాయి. జపాన్‌లో కంపెనీకొక సంఘం ఉండడం ఆచారం. అందువలన జపాన్ సంస్థలు అంతర్గత సంఘాలకు సుముఖంగా ఉంటాయని చెబుతారు. ఐరోపా సంస్థలకు పెద్ద సంఘాలతో, ఉద్యోగుల మండళ్ళతో చర్చించే అనుభవం ఎక్కువ. దక్షిణ కొరియాకు చెందిన శాంసంగ్ సంస్థ స్వదేశంలోనే దశాబ్దాల పాటు సంఘాలు లేకుండా నడిచినది. 2020లో ఆ సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పి ఆ విధానాన్ని విరమిస్తున్నట్లు ప్రకటించారు.

పొరుగు ప్రాంతాలలో ముఖ్య సంఘటనలు

శ్రీసిటీకి దక్షిణాన శ్రీపెరుంబుదూరు (తమిళనాడు), చిత్తూరు జిల్లాకు పడమట కోలారు (కర్ణాటక) ఉన్నాయి. ఈ రెండు పారిశ్రామిక ప్రాంతాలలోను తెలుగు కార్మికులు పనిచేస్తున్నారు. అక్కడి అనుభవాలు ఈ ప్రాంతానికి దగ్గర పాఠాలు.

నోకియా మూసివేత: ఫిన్లాండుకు చెందిన నోకియా 2006లో శ్రీపెరుంబుదూరులో ఉత్పత్తి ప్రారంభించినది. వేలాది మంది యువతీయువకులు అందులో చేరారు. నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్టుకు అమ్మినపుడు, పన్నుల వివాదం కారణంగా ఈ కర్మాగారం ఆ బదిలీలో చేరలేదు. 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆగిపోయినది. దానికి విడిభాగాలు, సేవలు అందించే ఇతర కంపెనీల కార్మికులు కూడా ఉపాధి కోల్పోయారు. ఇక్కడ కార్మికులకు, స్థానిక యాజమాన్యానికి మధ్య తగవు కంటె, ఇద్దరి చేతిలోను లేని నిర్ణయమే వారి భవిష్యత్తును నిర్ణయించినది.

నరసాపుర ఘటన: కోలారు జిల్లా నరసాపురలో ఆపిల్ ఫోన్లు తయారుచేసే తైవాన్ సంస్థ విస్ట్రాన్ కర్మాగారంలో 2020 డిసెంబరు 12న విధ్వంసం జరిగినది. కొద్ది నెలల్లో కార్మికుల సంఖ్య రెట్టింపై సుమారు 10,000 దాటినది. వారిలో అత్యధికులు కాంట్రాక్టు సంస్థల ద్వారా చేరినవారు. చెప్పిన జీతం చేతికి రాలేదని, హాజరు లెక్కలలో తప్పులు దొర్లాయని, 12 గంటల షిఫ్టులు పెట్టారని కార్మికులు ఆరోపించారు. కర్ణాటక ప్రభుత్వ అధికారుల పరిశీలనలో పలు లోపాలు బయటపడినవి. కొందరు కార్మికులకు జీతాలు సక్రమంగా అందలేదని విస్ట్రాన్ అంగీకరించి, క్షమాపణ చెప్పి, భారత వ్యాపారం చూస్తున్న ఉపాధ్యక్షుని తొలగించినది. ఆపిల్ ఆ సంస్థకు కొత్త ఆర్డర్లు నిలిపివేసినది. మరొక వైపు, విధ్వంసం కేసులలో వందకు పైగా అరెస్టులు జరిగాయి. వేలాది మంది తమ ఇబ్బంది చెప్పుకునేందుకు గుర్తింపు పొందిన మార్గం ఏదీ లేకపోవడం ఈ ఘటనకు ఒక కారణమని పరిశీలకులు భావించారు. 2023లో టాటా సంస్థ ఈ కర్మాగారాన్ని కొనుగోలు చేసినది.

ఫాక్స్‌కాన్ హాస్టల్ ఉదంతం: 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ కర్మాగారంలో పనిచేసే మహిళలు ఒక హాస్టలులో కలుషిత ఆహారం తిని అస్వస్థులయ్యారు. 150 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. సహచరుల క్షేమం గురించి సరైన సమాచారం అందక మహిళా కార్మికులు చెన్నై - బెంగళూరు రహదారిపై బైఠాయించారు. కర్మాగారం కొన్ని వారాలు మూతపడి 2022 జనవరి 12న తిరిగి తెరుచుకున్నది. హాస్టళ్ళలోని గదులు, భోజనశాలలు నిర్దేశిత ప్రమాణాలకు తగినట్లు లేవని ఆపిల్ స్వయంగా ప్రకటించినది.

శాంసంగ్ సమ్మె: సుంగువార్‌ఛత్రంలోని శాంసంగ్ కర్మాగారంలో 2024 సెప్టెంబరు 9న వెయ్యి మందికి పైగా కార్మికులు సమ్మె ప్రారంభించారు. వేతనాల పెంపుతో పాటు, సి.ఐ.టి.యు. అనుబంధంతో తాము ఏర్పరచుకున్న సంఘానికి గుర్తింపు ముఖ్యమైన కోరిక. తమిళనాడు మంత్రుల మధ్యవర్తిత్వంతో 37 రోజుల తరువాత అక్టోబరులో సమ్మె విరమించారు. సంఘం నమోదు వ్యవహారం మద్రాసు హైకోర్టు వరకు వెళ్ళి, 2025 జనవరిలో నమోదు పూర్తయినది.

నాలుగు సంఘటనలు నాలుగు కారణాల వలన జరిగినవి: మూసివేత, జీతపు లెక్కలు, హాస్టల్ భోజనం, సంఘ గుర్తింపు. చివరిదానిలో మొదటి నుండి చర్చలకు ఒక సంఘం ఉన్నది. సమ్మె దీర్ఘంగా సాగినా అది ఒప్పందంతో ముగిసినది.

స్త్రీ కార్మికులు

ఎలక్ట్రానిక్స్, దుస్తులు, పాదరక్షల కర్మాగారాలలో అధిక సంఖ్యాకులు 18 నుండి 25 ఏళ్ళ మధ్య వయసు యువతులు. చిన్న భాగాలను నేర్పుగా అమర్చగలరని, త్వరగా నేర్చుకుంటారని యాజమాన్యాలు కారణం చెబుతాయి. ప్రశ్నించరనే నమ్మకం కూడా ఇందుకు కారణమని పరిశోధకులు విమర్శించారు. నరసాపుర, శ్రీపెరుంబుదూరు సంఘటనల తరువాత ఆ నమ్మకానికి ఆధారం తగ్గినది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలకు రాత్రి షిఫ్టును నిషేధించినది. 2000లో మద్రాసు హైకోర్టు, తరువాత ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం సమానత్వ హక్కుకు విరుద్ధమని తీర్పు చెప్పాయి. రవాణా, భద్రత, విశ్రాంతి గదులు, కార్మికురాలి సమ్మతి వంటి షరతులతో ప్రస్తుతం అనుమతిస్తున్నారు. 10 మంది పైబడి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కొరకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతున్నది. ప్రసూతి సెలవు 26 వారాలు.

హాస్టల్ జీవితం ఈ కార్మికురాళ్ళ విషయంలో ప్రత్యేకాంశం. ఇంటివారికి అది భరోసా ఇస్తుంది, కంపెనీకి షిఫ్టు వేళకు కార్మికులు అందుబాటులో ఉంటారు. అదే సమయంలో ఉద్యోగం పోతే నివాసం కూడా పోతుంది, బయటి వారిని కలిసే స్వేచ్ఛ తగ్గుతుంది. శ్రీపెరుంబుదూరు కర్మాగారంలో ఐఫోన్ల కూర్పు పనికి వివాహితలను తీసుకోవడం లేదని 2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ప్రచురించిన కథనంపై కేంద్ర కార్మిక శాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక కోరినది. తాము వివక్ష చూపడం లేదని ఫాక్స్‌కాన్ పేర్కొన్నది.

అంతర్జాతీయ నియమాలు

* ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓ.ఇ.సి.డి.) 1976లో బహుళజాతి సంస్థలకు మార్గదర్శక సూత్రాలు రూపొందించినది. చివరిసారిగా 2023లో సవరించినది. భారతదేశం ఇందులో సభ్యదేశం కాకపోయినా, జపాన్, కొరియా, అమెరికా, ఫ్రాన్సు వంటి మాతృదేశాలలోని ఫిర్యాదు కేంద్రాలకు ఇక్కడి సంఘాలు విన్నవించుకోవచ్చు. తైవాన్, చైనా సంస్థలకు ఇది వర్తించదు.
* అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో బహుళజాతి సంస్థలపై త్రైపాక్షిక ప్రకటన చేసినది. సంఘం పెట్టుకునే హక్కుకు (87వ ఒడంబడిక), ఉమ్మడి బేరసారాల హక్కుకు (98వ ఒడంబడిక) సంబంధించిన ఒప్పందాలను భారతదేశం ఆమోదించలేదు. అయితే సంఘాలు ఏర్పరచుకునే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణంలో ఉన్నది.
* ఐక్యరాజ్య సమితి 2011లో వ్యాపారం, మానవ హక్కులపై మార్గదర్శక సూత్రాలను ఆమోదించినది.
* ఫ్రాన్సు (2017), జర్మనీ (2023) దేశాలు తమ పెద్ద కంపెనీలు విదేశాలలోని సరఫరాదారుల వద్ద కూడా మానవ హక్కుల పరిస్థితిని పరిశీలించాలని చట్టాలు అమలులోకి తెచ్చాయి.

వీటికి తోడు బ్రాండు కంపెనీల స్వంత ప్రవర్తనా నియమావళులు ఉన్నాయి. వీటి తనిఖీలు ముందే తెలియజేసి చేస్తారని, తనిఖీదారులతో కార్మికులు మనసు విప్పి మాట్లాడలేరని విమర్శ ఉన్నది. తమిళనాడులోని దిండిగల్ దుస్తుల కర్మాగారాల విషయంలో 2022లో స్థానిక దళిత మహిళల నాయకత్వంలోని సంఘానికి, తయారీ సంస్థకు, హెచ్ అండ్ ఎమ్ వంటి విదేశీ బ్రాండులకు మధ్య కుదిరిన ఒప్పందం ఇందుకు భిన్నమైనది. దానిని ఉల్లంఘిస్తే బ్రాండులు వ్యాపారపరమైన చర్య తీసుకోవలసి ఉంటుంది.

వాదోపవాదాలు

బహుళజాతి సంస్థలు స్థానిక చిన్న పరిశ్రమల కంటె సాధారణంగా మెరుగైన జీతం, సమయానికి చెల్లింపు, భవిష్యనిధి, శిక్షణ ఇస్తాయని సమర్థకులు అంటారు. కఠినమైన నియమాలు పెడితే పెట్టుబడి పొరుగు రాష్ట్రానికో, వియత్నాంకో తరలిపోతుందని హెచ్చరిస్తారు. రాష్ట్రాలు భూమి, విద్యుత్తు, పన్ను రాయితీలతో పోటీపడుతున్నప్పుడు కార్మిక ప్రమాణాలు కూడా ఆ పోటీలో తగ్గుతాయని విమర్శకులు అంటారు. ప్రజాధనంతో రాయితీలు పొందిన సంస్థ ఎంతమందిని నేరుగా నియమించినది, ఎంతమందిని కాంట్రాక్టు క్రింద పెట్టినది బహిరంగంగా తెలపాలని వారి కోరిక. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలు ఇవ్వాలని 2019లో ఆంధ్ర ప్రదేశ్ చేసిన చట్టం ఉద్యోగాల సంఖ్యకే పరిమితమైనది. ఆ ఉద్యోగాల స్వభావం గురించి అది పట్టించుకోలేదు.

భద్రత కూడా కార్మిక సంబంధాలలో భాగమే. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో కొరియా సంస్థకు చెందిన ఎల్.జి.పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించారు. అచ్యుతాపురం మండలంలో 2022లో రెండుసార్లు వాయువు సోకి దుస్తుల కర్మాగారపు మహిళా కార్మికులు వందల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. ప్రమాద సూచనను ముందుగా గమనించేది యంత్రం దగ్గర ఉన్న మనిషే. ఆ మనిషి భయం లేకుండా చెప్పగలిగే ఏర్పాటు ఉన్నదా లేదా అన్నది కార్మికునికే కాక చుట్టుప్రక్కల ఊళ్ళకూ సంబంధించిన విషయం.

కార్మికునికి అందుబాటులో ఉన్న మార్గాలు

అనుబంధ కంపెనీలో చేరే కార్మికుడు తన నియామక పత్రం మీద ఉన్న యజమాని పేరు, ఉద్యోగపు తరగతి, గడువు చూసుకోవాలి. జీతపు చీటీలో మూల వేతనం, ఓవర్‌టైము, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కోతలు వేరువేరుగా ఉండాలి. ఓవర్‌టైముకు సాధారణ వేతనానికి రెట్టింపు చెల్లించాలి. కాంట్రాక్టరు వేతనం చెల్లించకపోతే చెల్లించవలసిన బాధ్యత ప్రధాన యజమానిదే, అనగా కర్మాగారం నడిపే కంపెనీదే. పరిష్కారం కొరకు వరుసగా ఫిర్యాదుల పరిష్కార కమిటీని, కార్మిక శాఖ అధికారిని, పారిశ్రామిక ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. భద్రతా లోపాలను ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయవచ్చు.

మాతృసంస్థ ఎంత దూరాన ఉన్నా, సత్యవేడులో పని చేయించుకునే కంపెనీ భారతదేశంలో నమోదైన కంపెనీ. దానికి ఇక్కడి చట్టాలే వర్తిస్తాయి, ఇక్కడి న్యాయస్థానాలకే అది జవాబుదారీ.